పుట్టుకతో కాపలా ఉంటే చాలదు, కాపలా వాళ్లకి తిండి కూడా పెట్టాలి

పోస్టు పెద్దదే. ఓపిగ్గా చివరిదాకా చదవండి. హాస్టళ్లలో ఉండే తమ్ముళ్లు, చెల్లెళ్లు తప్పకుండా చదవాలి.

"మీకేంట్రా, అడవి బిడ్డలు. పుట్టుకతోనే మీకు ఇమ్యూనిటీ ఎక్కువ." ఈ మాట మనలో విననివాళ్లు ఉండరు. కాలేజీలో తోటివాళ్లు అంటారు. బస్సులో పక్క సీటు పెద్దాయన అంటాడు. కరోనా రోజుల్లో అయితే ప్రతి ఒక్కరూ అన్నారు. అన్నవాళ్లు పొగుడుతున్నామనే అనుకుంటారు. విన్న మనోళ్లు కూడా కొందరు మీసం మెలేస్తారు.

మేము మెడికల్ కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్న ఆదివాసీ హాస్టల్ విద్యార్థులం. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్లం మేమే. ఈ ఏడాది మాకు మైక్రోబయాలజీలో ఇమ్యూనాలజీ పాఠాలు జరిగాయి. అవి చదివాక మేము చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆ పొగడ్తలో నిజం లేదు. ఉత్త అబద్ధమైతే పోనీలే అని వదిలేద్దుము. కానీ ఆ మాట చెప్పే మనకి రావాల్సిన పరీక్ష, మందు, తిండి ఆపేస్తున్నారు. అందుకే ఈ పోస్టు.

ముందు పాఠం సంగతి చూద్దాం. కష్టమైన ఇంగ్లీషు పేర్లు చూసి భయపడొద్దు. విషయం మనకి బాగా తెలిసిందే.

కొండ మీద పోడు చేను ఊహించుకోండి. చుట్టూ ముళ్ల కంచె. మధ్యలో మంచె. రాత్రి పంది కంచె విరగ్గొట్టి లోపలికొస్తే మంచె మీద మనిషి చూస్తాడు, కేక వేస్తాడు, డప్పు కొడతాడు. ఆ చప్పుడుకి ఊరోళ్లు కర్రలు పట్టుకుని పరుగెత్తుకొస్తారు. ఒకడు మాత్రం పంది అడుగుజాడ చూసుకుని ఊళ్లోకి పోయి పెద్దలకి చెప్తాడు. వచ్చింది ఏ జంతువు, ఎటునుంచి వచ్చింది, రేపటికి ఏ ఉచ్చు బిగించాలి, అన్నీ వాళ్లు ఆలోచిస్తారు.

మన ఒంట్లో జరిగేది కూడా ఇదే. కంచె అంటే చర్మం. చర్మం ఒక్కటే కాదు, కన్నీళ్లల్లో, ఉమ్మిలో బ్యాక్టీరియా గోడల్ని కరిగించే లైసోజైమ్ ఉంటుంది. ఊపిరి గొట్టంలో జిగురు ఉంటుంది, దుమ్మునీ క్రిముల్నీ పైకి ఊడ్చే సన్నటి సీలియా ఉంటాయి. కడుపులో ఆమ్లం ఉంటుంది. ఇవన్నీ దాటి క్రిమి లోపలికొస్తే అక్కడ మంచె మీద మాక్రోఫేజ్ అనే కణం కాపలా కాస్తూ ఉంటుంది. అది క్రిమిని మింగుతుంది, కేక కూడా వేస్తుంది. ఆ కేకనే సైటోకైన్లు అంటారు. ఆ కేకకి దగ్గర్లోని రక్తనాళాలు వెడల్పవుతాయి, రక్తం ఎక్కువగా వస్తుంది. అందుకే దెబ్బ తగిలిన చోట ఎర్రబడుతుంది, కాలుతుంది, వాస్తుంది, నొప్పెడుతుంది. ఈ నాలుగు గుర్తుల్నీ రోమ్ దేశపు సెల్సస్ రెండు వేల ఏళ్ల కిందటే రాసిపెట్టాడు.

కర్రలు పట్టుకుని పరుగెత్తుకొచ్చే ఊరోళ్లు న్యూట్రోఫిల్స్. మన ఎముకల మూలుగ రోజుకి సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్ తయారు చేస్తుంది. అవి వస్తాయి, కొట్లాడతాయి, చస్తాయి. కురుపులో చీము అంటే చాలావరకు అలా చచ్చిన న్యూట్రోఫిల్సే. ఇంకా రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రొటీన్లు తిరుగుతుంటాయి. అవి క్రిమికి అతుక్కుని "ఇదిగో దొంగ" అని గుర్తు పెడతాయి, కొన్నిసార్లు దాని గోడకి బొక్క పెట్టేస్తాయి. వైరస్ సోకిన మన సొంత కణాల్ని చంపడానికి నేచురల్ కిల్లర్ కణాలు ఉంటాయి. వైరస్ సోకిన కణం చావబోయే ముందు పక్క కణాల్ని జాగ్రత్తపడమని ఇంటర్‌ఫెరాన్ అనే సందేశం పంపుతుంది. దీన్ని 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనిపెట్టారు.

కాలికి ముల్లు గుచ్చుకుని పుండు పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది కదా. అక్కడే ఊరి పెద్దల సభ నడుస్తుందన్నమాట. డెండ్రిటిక్ కణం క్రిమి ముక్కని పట్టుకుని లింఫ్ గ్రంథికి పోయి టి కణాలకి చూపిస్తుంది. దాన్నిబట్టి టి కణాలు, బి కణాలు సరిగ్గా ఆ క్రిమికే సరిపోయే ఆయుధం తయారు చేస్తాయి. దాన్ని గుర్తు కూడా పెట్టుకుంటాయి. కానీ మొదటిసారి ఆ ఆయుధం తయారవ్వాలంటే నాలుగైదు రోజుల నుంచి వారం, పది రోజుల దాకా పడుతుంది. అప్పటిదాకా చేనుని కాపాడేది కంచే, మంచే, కర్రలూ మాత్రమే. వీటన్నిటినీ కలిపి ఇన్నేట్ ఇమ్యూనిటీ అంటారు, పుట్టుకతో వచ్చే కాపలా అని. నిమిషాల్లో, గంటల్లో పని మొదలుపెడుతుంది. పాత శత్రువుని గుర్తు పెట్టుకోవడం మాత్రం రెండో దాని పని. దాన్ని అడాప్టివ్ ఇమ్యూనిటీ అంటారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. ఈ పుట్టుకతో వచ్చే కాపలా కొండ మీదోళ్లకి ఎక్కువ, పల్లం వాళ్లకి తక్కువ అని ఉంటుందా?

1882లో ఇటలీలోని మెస్సీనాలో మెచ్నికోవ్ అనే రష్యా శాస్త్రవేత్త సముద్రపు నక్షత్ర చేప పిల్లలకి గులాబీ ముల్లు గుచ్చి చూశాడు. తెల్లారేసరికి ఆ ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. క్రిముల్ని మింగే కణాల కథ అక్కడ మొదలైంది. 1908లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ తర్వాత 1996లో హాఫ్‌మన్ బృందం పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో టోల్ అనే జన్యువు చెడిపోతే ఆ ఈగలు బూజు పట్టి చచ్చిపోతాయని చూపించింది. 1998లో బ్యూట్లర్ బృందం అలాంటిదే ఎలుకల్లో కనిపెట్టింది. మనుషుల్లో ఇలాంటి టోల్ రిసెప్టర్లు పది రకాలున్నాయి. కొన్ని బ్యాక్టీరియా గోడని గుర్తుపడతాయి, కొన్ని దాని తోకని, కొన్ని వైరస్ ఆర్‌ఎన్‌ఏని. ఈ పనికి 2011లో హాఫ్‌మన్, బ్యూట్లర్ ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు.

ఈగలోనూ ఎలుకలోనూ మనిషిలోనూ దాదాపు ఒకే పద్ధతి కాపలా పనిముట్టు ఉందని సైన్స్ చెప్తుంటే, పాడేరులో ఒకటి, హైదరాబాదులో ఒకటి ఉంటుందా? మనిషికీ మనిషికీ జన్యువుల్లో చిన్న చిన్న తేడాలుంటాయి, అది అన్ని జాతుల్లోనూ ఉంటుంది. "ఈ తెగకి ఇమ్యూనిటీ ఎక్కువ, ఆ కులానికి తక్కువ" అనే తూకం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

దీనికి చరిత్రలో బాధాకరమైన సాక్ష్యం ఉంది. అడవిలో పుట్టడమే కవచం అయితే అండమాన్ ఆదివాసులకన్నా కవచం ఉన్నవాళ్లు ఉండకూడదు. 1858లో బ్రిటిషోళ్లు అక్కడ పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం పెట్టారు. వాళ్లతో పాటు రోగాలొచ్చాయి. 1877లో తట్టు వచ్చి గ్రేట్ అండమానీయుల్ని ఊళ్లకి ఊళ్లు ఊడ్చేసింది. వేలల్లో ఉన్న ఆ జనం 1961 జనాభా లెక్కల్లో 19 మంది మిగిలారు. వాళ్ల పుట్టుక కాపలా బలహీనమై ఇలా జరగలేదు. తట్టు వాళ్లకి కొత్త శత్రువు, గుర్తుపట్టే జ్ఞాపకం ఎవరి ఒంట్లోనూ లేదు, టీకా అప్పటికి పుట్టనే లేదు. కంచె, మంచె ఎంత గట్టిగా ఉన్నా అన్నిసార్లూ సరిపోవు. 2020లో కరోనా కూడా గ్రేట్ అండమానీయుల దాకా వెళ్లింది. "అడవి బిడ్డలకి రాదు" అన్న మాట అక్కడే తేలిపోయింది.

"మరి సికిల్ సెల్ ఉన్నోళ్లకి మలేరియా రాదంటారు కదా" అని కొందరు అడుగుతారు. ఇది అర్థం చేసుకోవాల్సిన విషయం. 1954లో అల్లిసన్ అనే శాస్త్రవేత్త ఆఫ్రికాలో చూపించింది నిజమే. సికిల్ జన్యువు అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే వచ్చినవాళ్లకి ఫాల్సిపారం మలేరియా ప్రాణాల మీదికి రావడం తక్కువ. మలేరియా రాదు అని కాదు, ముదరడం తక్కువ అని. ఈ మేలు చేసేది తెల్ల కణాల కాపలా కాదు, ఎర్ర రక్తకణం గుణం. ఆ కణంలో మలేరియా క్రిమి సరిగ్గా పెరగలేదు, సోకిన కణాన్ని ఒళ్లు త్వరగా ఏరేస్తుంది.

ఈ కొంచెం మేలుకి మనం ఎంత ఖరీదు కడుతున్నామో చూడండి. ఆ జన్యువు అమ్మ నుంచీ నాన్న నుంచీ ఇద్దరి నుంచీ వస్తే అది సికిల్ సెల్ జబ్బు. కొడవలిలా వంగిన కణాలు సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. చిన్నతనంలోనే ప్లీహం దెబ్బతింటుంది. ప్లీహం అంటే రక్తాన్ని జల్లెడ పట్టే పెద్ద మంచె లాంటిది. న్యుమోకోకస్ లాంటి తొడుగున్న బ్యాక్టీరియాని పట్టేది ముఖ్యంగా అక్కడే. ఆ మంచె కూలిపోయిన పిల్లకి జ్వరం వస్తే కొన్ని గంటల్లోనే రక్తమంతా విషమైపోవచ్చు. అంటే "పుట్టుకతో ఇమ్యూనిటీ ఎక్కువ" అని ఏ పిల్లల్ని చూసి అంటున్నారో, వాళ్లల్లో కొందరికి పుట్టుక కాపలాలోనే పెద్ద లోటు ఉంది! చిన్న పిల్లలకి రోజూ పెన్సిలిన్ ఇస్తే న్యుమోకోకస్ జబ్బులు 84 శాతం తగ్గాయని 1986లో అమెరికాలో తేలింది. న్యుమోకోకస్ టీకా ఇప్పుడు మన ప్రభుత్వ టీకాల్లోనే ఉచితంగా ఉంది. 2023 జూలై 1న జాతీయ సికిల్ సెల్ మిషన్ మొదలైంది, ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేస్తామని చెప్పారు. మీ ఊళ్లో చేశారా? మీకు కార్డు ఇచ్చారా? అడగండి. పొగడ్త తీసుకుని ఊరుకుంటే కార్డు రాదు.

ఇక తిండి సంగతి. మంచె మీద మనిషి రెండు రోజులు గంజి లేకుండా కాపలా కాస్తే ఏమవుతుంది? నిద్రపోతాడు, పంది చేను తినేసి పోతుంది. ఒంట్లోనూ అంతే. కాంప్లిమెంట్ ప్రొటీన్లు ఎక్కువ భాగం తయారయ్యేది కాలేయంలో. దానికి తిండిలో మాంసకృత్తులు కావాలి. రోజుకి 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్ గాలిలోంచి పుట్టవు. విటమిన్ ఎ తక్కువైతే కంటి పొర, పేగు పొర, ఊపిరి గొట్టం పొర పాడవుతాయి, అంటే కంచెకే బొక్కలు పడతాయి. జింకు, ఐరన్ తక్కువైతే కణాల కొట్లాట నీరసిస్తుంది. ప్రపంచంలో రోగనిరోధక శక్తి తగ్గిపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఏ వింత జబ్బో కాదు, తిండి తక్కువవడం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్లు నూటికి 36 మంది దాకా ఉంటే, ఆదివాసీ పిల్లల్లో 41 మంది. ఈ లెక్క పక్కన పెట్టి "మీకు ఇమ్యూనిటీ ఎక్కువ" అంటే ఎట్లా?

మన తాతముత్తాతల తిండి మంచిదే. చోళ్లు, సామలు, కొర్రలు, కందులు, అడవి దుంపలు, ఆకుకూరలు, చేపలు, వేట మాంసం. వాళ్లకి బలం ఉంటే ఆ కంచంలోంచి వచ్చింది, పుట్టుకలోంచి కాదు. ఇప్పుడు అడవి తగ్గింది, పోడు తగ్గింది, కంచంలో రేషన్ బియ్యం మిగిలింది. హాస్టళ్లల్లో నీళ్ల పప్పు, గుడ్డు ఇవ్వాల్సిన రోజున గుడ్డు ఉండదు. గుడ్డు అడిగితే "మీరు గంజి తాగి పెరిగినోళ్లే కదా, గట్టోళ్లు" అని జవాబు. ఆ పొగడ్త ఎవరికి లాభమో అర్థమైంది కదా!

జ్వరం దగ్గరికొద్దాం. మాక్రోఫేజ్ కేక మెదడు దాకా వినిపిస్తే జ్వరం వస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టి.ఎన్.ఎఫ్. అనే సైటోకైన్లు మెదడులోని హైపోథలామస్‌లో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 పుట్టిస్తాయి, అది ఒంటి వేడిని పెంచుతుంది. పారాసిటమాల్ ఆ ప్రోస్టాగ్లాండిన్‌ని తగ్గిస్తుంది, అందుకే వేడి తగ్గుతుంది. లోపల పంది మాత్రం అలాగే ఉంటుంది. డప్పు ఆపితే పంది పోయినట్టు కాదు కదా.

మాకు తెలిసిన ఒక హాస్టల్లో ఇంటర్ తమ్ముడికి నాలుగు రోజులు జ్వరం. రోజూ ఒక పారాసిటమాల్ బిళ్ల చేతిలో పెట్టారు. "ఏజెన్సీ పిల్లలకి ఇవన్నీ మామూలే, తట్టుకుంటారు" అన్నారు. ఐదో రోజు మాటలు తడబడుతుంటే అప్పుడు ఆటో ఎక్కించారు. ఫాల్సిపారం అని తేలింది. ఇంజెక్షన్లతో బతికి బయటపడ్డాడు. వేలి నుంచి చుక్క రక్తం తీసి కిట్ మీద వేస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో తెలిసే జబ్బు అది. తట్టుకుంటారు అనే ఒక్క మాట అతన్ని నాలుగు రోజులు ఆపేసింది.

హాస్టల్ వాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. మలేరియా ఎక్కువున్న చోట పెరిగితే కొంత తట్టుకునే శక్తి వస్తుంది, నిజమే. కానీ అది పుట్టుకతో వచ్చింది కాదు. మళ్లీ మళ్లీ జబ్బు పడి సంపాదించుకున్నది, దాని కోసం ఎంతోమంది పసిపిల్లల్ని పోగొట్టుకున్నది. అది కూడా సగం రక్షణే. మలేరియా లేని పట్నంలో ఏళ్ల తరబడి ఉంటే తగ్గిపోతుంది. కాబట్టి సంక్రాంతికో వేసవి సెలవులకో ఊరెళ్లే మనమే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. దోమతెర కట్టుకోండి. సెలవుల్లో గానీ తిరిగొచ్చాక గానీ జ్వరమొస్తే "ఊరు వెళ్లొచ్చాను, మలేరియా పరీక్ష చేయండి" అని డాక్టర్‌కి మీరే చెప్పండి.

మాకు ఎదురయ్యే వాదన ఇంకొకటి ఉంది. మట్టిలో, పశువుల మధ్య పెరిగిన పిల్లలకి ఆస్తమా, ఎలర్జీలు తక్కువని పరిశోధనలు చెప్తున్నాయి కదా అంటారు. అవును, అలాంటి పరిశోధనలున్నాయి, మేము కాదనం. కానీ ఎలర్జీ తక్కువ అంటే కాపలా వాడు ఊరకూరకే కేకలు వేయడని అర్థం. మలేరియాని, టీబీని ఓడిస్తాడని కాదు. రెండూ వేరు.

అందుకే "ఇమ్యూనిటీ బూస్టర్" అని డబ్బాల మీద రాసి అమ్మేవాళ్లని కూడా నమ్మొద్దు. మన అడవి తేనె, మన తిప్పతీగ మన దగ్గర చవగ్గా కొని, మన బొమ్మ డబ్బా మీద వేసి అమ్ముతారు. కాపలా ఎంత పెరిగితే అంత మంచిదనుకోవడమే తప్పు. కేక మరీ ఎక్కువైతే సొంత చేనే తొక్కేస్తారు. సెప్సిస్‌లో జరిగేది అదే, క్రిమి కంటే మన ఒంటి తిరుగుబాటే ప్రాణం తీస్తుంది. తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు డాక్టర్లు నమోదు చేశారు కూడా. మన పెద్దల వైద్యం మీద మాకు గౌరవం ఉంది. నాటు వైద్యుడి దగ్గరికి వెళ్లొద్దని మేము అనడం లేదు. జ్వరం అయితే ముందు రక్తపరీక్ష చేయించి వెళ్లండి అంటున్నాం.

కాబట్టి మనం గ్రూపు తరఫున అడగాల్సినవి, చేయాల్సినవి ఇవి:

1. హాస్టల్లో ఎవరికి జ్వరం వచ్చినా అదే రోజు మలేరియా పరీక్ష జరగాలి. కిట్లు ఆశా అక్కల దగ్గర, పి.హెచ్.సి.లో ఉంటాయి. వార్డెన్ సారు పంపకపోతే నలుగురు కలిసి వెళ్లి అడగండి.
2. మలేరియా అని తేలితే మందు కోర్సు మొత్తం వేయాలి. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపొద్దు.
3. ప్రతి హాస్టల్లో సికిల్ సెల్ పరీక్ష జరగాలి, కార్డు చేతికి రావాలి. జబ్బు ఉన్న పిల్లలకి జ్వరం వస్తే ఎమర్జెన్సీ అని నోటీసు బోర్డు మీద రాయాలి. కార్డు చూసి ఎవరినీ వెలివేయకూడదు.
4. మెనూలో రాసిన గుడ్డు, పప్పు, ఆకుకూర కంచంలోకి రావాలి. రాని రోజు తేదీ రాసిపెట్టండి. కాగితం మీద తేదీలుంటేనే ఐటీడీఏలో మన మాట వింటారు.
5. ఊళ్లో పసిపిల్లల టీకాల కార్డులు మనమే చదివి, ఏది మిగిలిందో ఏఎన్‌ఎమ్ మేడమ్‌కి చెప్పాలి. చదువుకున్న మనం ఆ మాత్రం చేయకపోతే ఎట్లా?

ఈసారి ఎవరైనా "మీకు పుట్టుకతోనే ఇమ్యూనిటీ ఎక్కువ" అంటే కోపం తెచ్చుకోవద్దు, నవ్వి ఊరుకోనూ వద్దు. "అందరికీ పుట్టుకతో వచ్చేదే మాకూ వచ్చింది. అందరికీ అందే తిండి, పరీక్ష, మందు మాత్రం ఇంకా రాలేదు" అని చెప్పండి. అక్కడి నుంచి మాట మొదలవుతుంది.

మీ హాస్టల్లో పరిస్థితి ఎట్లా ఉందో కింద రాయండి. పేర్లు వద్దు, విషయం చాలు. అన్నీ ఒకచోట చేర్చి అర్జీ రాద్దాం.

జోహార్.